ఏ రాయైతేనేమి

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని మన సామెత. ఆ సామెత పుట్టిన కాలంలో రాళ్ళన్నీ ఉచితం. ఇప్పుడు పళ్ళు కట్టించుకోవడానికి ఏ రాయి అన్నదే పెద్ద ప్రశ్న. ఒక్కో రాయికి ఒక్కో ధర. వాటిలో ఖరీదైన దాన్ని జిర్కోనియా అంటారు. జిర్కాన్ అనే ఖనిజం నుంచి తీస్తారు. 1789లో క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆ ఖనిజంలో ఒక కొత్త మూలకం దాగి ఉందని కనిపెట్టాడు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నల్ల ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టులతో పాటు అదీ ఉంటుంది. అంటే భీమిలి ఒడ్డున కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్న ప్రతివాడూ ఎంతో కొంత పంటి సరుకు దులిపేసుకున్నట్టే. ఆ పొడిని దిమ్మగా నొక్కి, కంప్యూటరు చెప్పిన కొలతకు మరమీద చెక్కి, దాదాపు 1500 డిగ్రీల వేడిలో కాలిస్తే మనిషి నోట్లో పెట్టదగిన పన్నవుతుంది. చాలా గట్టిది. సుత్తితో కొట్టినా పగలదని వీడియోలు తీసి మరీ చూపిస్తారు. నిజమే, పగలదు. మా నాన్నగారి నోట్లోదీ పగల్లేదు. పదహారు నెలలకు చెక్కుచెదరకుండా ఊడి అరచేతిలోకి వచ్చింది, లోపల ఇరుక్కున్న పంటిముక్కతో సహా.

నాన్నగారిది ఇప్పటి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. ఆ పేరు వినగానే కొందరికి విషయం తెలిసిపోతుంది. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఆ ప్రాంతపు బావులకు, బోర్లకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. పాలపళ్ళ కింద శాశ్వత దంతాలు తయారవుతున్న ఏళ్ళలో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ వయసులోపల, ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళమీద సుద్దమచ్చలు, వాటిమీద గోధుమరంగు చారలు జీవితాంతం ఉండిపోతాయి. ఎముకలు వంగిపోయినవాళ్ళతో పోలిస్తే పళ్ళతో సరిపోయినవాళ్ళు అదృష్టవంతులు. నాన్నగారు ఆ అదృష్టవంతుల్లో ఒకరు. జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడుగా ముప్ఫైమూడేళ్ళు ఆ చారల పళ్ళతోనే ఛందస్సు చెప్పారు. అవి సిగ్గుపడవలసినవని ఆయనకెప్పుడూ తోచలేదు. "ఇది మా ఊరి ముద్ర. ఎక్కడికి పోయినా నన్ను గుర్తుపడతారు" అనేవారు.

తెలుగు వర్ణమాలలో పళ్ళ వాటా ఎంతో పళ్ళూడినవాళ్ళకే తెలుస్తుంది. తవర్గం మొత్తం, లకారం, సకారం దంత్యాలు. వకారానికి పళ్ళూ పెదవీ రెండూ కావాలి. ఇవి సంస్కృతంతో వచ్చిన లెక్కలు. వీటిమీద మనకు సొంత ఆస్తి ఇంకోటుంది: దంత్య చకార జకారాలు. చలి, చాప, జల్లెడ, జున్ను అన్నప్పుడు నాలుక పళ్ళదగ్గరికి పోతుంది. చిలుక, జీడి అన్నప్పుడు అంగిలికి పోతుంది. పాత పుస్తకాల్లో వాటి తలమీద రెండు అంకె పెట్టి వేరుగా చూపించేవారు. పిల్లలు ఈ తేడా పాటించకపోతే నాన్నగారికి ఒళ్ళు మండేది. అలాంటి మనిషికి డెబ్భయ్యో ఏడు దాటాక పైవరసలో ముందరి రెండు పళ్ళూ ఒకదాని వెనక ఒకటి కదిలి ఊడాయి. ఇంటి పక్క రామాలయంలో ప్రతి ఏకాదశికీ పోతన భాగవతం చదివి అర్థం చెప్పడం పదవీవిరమణ నాటినుంచి ఆయన పెట్టుకున్న పని. పళ్ళు పోయాక తకారాలన్నీ గాలిలో కలిసిపోతున్నాయని ఆయనే చెప్పుకుని నవ్వేవారు. ముందువరసలో కూర్చునే ముసలమ్మలు నవ్వేవారు కాదు. అది ఆయన్ని ఎక్కువ బాధించింది.

అలా 2022 జనవరిలో హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళాం. అద్దాల తలుపులు, చల్లదనం, గోడమీద సినిమాతారల చిరునవ్వులు. ఎక్స్‌రే తీశారు. ఊడిన రెంటికీ అటొకటి ఇటొకటి ఉన్న కత్తెరపళ్ళనూ, వాటి పక్కనున్న కోరపళ్ళనూ ఆధారం చేసుకుని ఆరు పళ్ళ వంతెన కడతామన్నారు. బ్రిడ్జి అని అందరూ అనేదే. ఆధారమయ్యే నాలుగు పళ్ళకూ ముందుగా రూట్ కెనాల్ చేసెయ్యాలన్నారు. నాలుగు రూట్ కెనాళ్ళకు ఇరవై వేలు. రెండు కత్తెరపళ్ళు బలహీనంగా ఉన్నాయి కాబట్టి వాటిలోపల దన్నుగా కడ్డీలు దించాలి, అయిదు వేలు. వంతెనకు పన్ను ఒక్కింటికి పన్నెండు వేల చొప్పున డెబ్భైరెండు వేలు. ఎక్స్‌రే, గార తీయడం కలిపి మరో పంతొమ్మిది వందలు. వెరసి రూ. 98,900. నెలవారీ వాయిదాల్లో కట్టవచ్చని ఒకమ్మాయి కాగితం తెచ్చింది. నాన్నగారు ఆ కాగితం వెనక్కి నెట్టి, పింఛను ఖాతా చెక్కు రాశారు. నేనిస్తానంటే ఒప్పుకోలేదు. నా నోటికి నా డబ్బు అన్నారు.

వైద్యం చేసిన డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్ఫై నిండి ఉండవు. చెయ్యి మెత్తన, మాట మెత్తన. రంగు ఎంచుకునే రోజున ఒక పళ్ళ పలక తెచ్చింది. వీటా అనే జర్మన్ సంస్థది, లోకమంతా దాన్నే వాడతారు. ఎరుపుచాయ, పసుపుచాయ, బూడిదచాయ అంటూ ఎ నుంచి డి దాకా గుంపులు కట్టి పదహారు రంగులు. ఆ పదహారింటిలో మర్రిగూడ రంగు లేదు. "ఎ2 వేద్దాం తాతగారూ, చక్కగా ఉంటుంది" అంది. కింది వరసకు చారలు, పై వరసకు మల్లెపూవు. రాతిగోడమీద ఒక్కచోట సున్నం కొట్టినట్టుంటుందని నాన్నగారి అభ్యంతరం. ల్యాబువాళ్ళతో మాట్లాడి లేతగా రెండు చారలు వేయించింది ఆ పిల్ల. ఇంతవరకు ఎవరూ అలా అడగలేదట.

వంతెన తాత్కాలికంగా అమర్చి చూసినప్పుడు, పళ్ళ పొడవు సరిపోయిందో లేదో తెలియడానికి ఇంగ్లీషులో యాభైనుంచి లెక్కపెట్టమంది. ఫిఫ్టీ ఫైవ్ అన్నప్పుడు పైపళ్ళ అంచు కింది పెదవికి ఎక్కడ తాకుతుందో చూస్తారు; సిక్స్టీ సిక్స్ అన్నప్పుడు సకారం ఈల వేస్తుందేమో చూస్తారు. పద్ధతి మంచిదే. కానీ నాన్నగారు కుర్చీలో వాలి ఉండే పాఠం మొదలుపెట్టారు: "అమ్మా, మన ఫకారం రెండు పెదవులది. నువ్వడిగేది ఇంగ్లీషువాళ్ళది. ఆ అక్షరంతో నాకు పనిలేదు. నాకు కావలసింది తకారం." పదినిమిషాలు పద్యాలు చదివారు. ఆ పిల్ల అద్దం పట్టుకుని వింటూ, రెండుచోట్ల వెనకవైపు అరగదీసింది. తకారం వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ అమ్మాయి మీద ఇప్పటికీ నాకు కోపం రాదు. నాన్నగారికి అసలే రాదు.

ఫిబ్రవరిలో శాశ్వతంగా అతికించారు. ఏడాదిపాటు భాగవతం నిరాటంకంగా సాగింది.

పదకొండో నెలలో ఎడమవైపు చెడువాసన మొదలైంది. పుల్లటి రుచి ఊరుతోందన్నారు. వెళ్ళి చూపిస్తే పైపైన శుభ్రం చేసి, పుక్కిలించే మందు రాసి పంపారు. ఎక్స్‌రే తీయలేదు. ఆరునెలలకోసారి రమ్మన్న పరీక్షలకు రెండుసార్లూ వెళ్ళాం, రశీదులున్నాయి. ఆ తర్వాత వంతెన ఒకవైపు సన్నగా ఊగడం మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ బొటనవేలితో పైకి నొక్కుకునేవారు. 2023 జూన్‌లో, తొలి ఏకాదశికి వారం ముందు, ఇడ్లీ తింటుండగా మొత్తం ఊడి వచ్చింది. ఇడ్లీ అన్నమాట గమనించండి. సకినం కాదు.

క్లినిక్కులో ఆ డాక్టరమ్మ లేదు. మానేసి ఏడెనిమిది నెలలయిందట. ఇటువంటి చోట్ల పనిచేసే పిల్లలు చాలామంది జీతంమీదో, చేసిన పనిలో శాతంమీదో ఉంటారు. ఇంకాస్త మంచి శాతం దొరికితే వెళ్ళిపోతారు. బోర్డు ఒకటే ఉంటుంది, చేతులు మారుతుంటాయి. రోగి నమ్మింది చేతుల్ని. డబ్బు కట్టింది బోర్డుకి. కౌంటరులో మరో అమ్మాయి మా వారంటీ కార్డు అడిగింది. బంగారు అంచుల కార్డు, పదేళ్ళది, 2032 ఫిబ్రవరి దాకా చెల్లుతుంది. వెనకవైపు సన్నక్షరాల్లో ఉన్న విషయం అప్పుడు ఆమే చదివి వినిపించింది: వారంటీ తొడుగు పగిలితేనే. కింది పన్నుకు, చిగురుకు, రూట్ కెనాల్‌కు వర్తించదు. తొడుగు పగల్లేదు కదండీ అంది. పగల్లేదు మరి.

ఈ కిటుకు అర్థం చేసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. వారంటీ ఇచ్చేది క్లినిక్కు కాదు, జిర్కోనియా దిమ్మ తయారుచేసినవాళ్ళూ ల్యాబువాళ్ళూ. వాళ్ళు ఇవ్వగలిగింది తమ వస్తువుకే. ఆ వస్తువు ఎలాగూ పగలదు. పగలని దానికి పదేళ్ళు హామీ, విరిగే దానికి ఒక్కరోజైనా లేదు. గొడుగు చిరగదని రాసిచ్చి వాన సంగతి మాకు తెలియదన్నట్టు.

వంతెనలో ఇంకో చిక్కుంది. విడివిడి తొడుగులైతే ఒకటి పోతే ఒకటే పోతుంది. వంతెన మొత్తం ఒకే ముక్క. ఒక ఆధారం చెడితే పైకి వెంటనే తెలియదు. మిగిలిన మూడూ దాన్ని పట్టుకునే ఉంటాయి. కానీ నమిలిన ప్రతిసారీ కాస్త కాస్త ఊగి, మిగతా పళ్ళమీది సిమెంటు బీటలిస్తుంది. ఆ సందుల్లోకి ఉమ్మి, పిండిపదార్థం చేరి, తొడుగు చాటున పన్ను పుచ్చుతుంది. రూట్ కెనాల్ చేసిన పంటికి నరం ఉండదు కనుక నొప్పీ తెలియదు. ఆ ఏడే అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన వార్త పేపర్లో చూసి నాన్నగారు "మనది చిన్నదిలే" అన్నారు.

క్లినిక్కువాళ్ళు మొదట చెప్పిన పరిష్కారం: ఎడమ కత్తెరపన్ను వేరు తీసేసి, ఇంప్లాంట్లు వేసి, కొత్త వంతెన కట్టడం. ముప్ఫైశాతం తగ్గింపు. తగ్గించాక కూడా మొదటిదానికంటే ఎక్కువే. ఇంప్లాంటంటే నాకు చిన్నచూపు లేదు. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని 1952లో కుందేళ్ళ ఎముకల మీద పనిచేస్తూ గమనించిన స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్, 1965లో మొదటి మనిషికి అవి పెట్టాడు. ఆ మనిషి చనిపోయేదాకా, నలభయ్యేళ్ళు, అవి పనిచేశాయి. మంచి పని అంత కాలం ఉంటుంది. మా ముందున్న ప్రశ్న అది కాదు. మొదటి పని ఎందుకు చెడిందో చెప్పకుండా, అదే చోట, రెండోపనికి డబ్బడుగుతున్నారు.

నేను చేసిన మొదటి పని కాగితాలు అడగడం. మొదలుపెట్టకముందు తీసిన ఎక్స్‌రేలు, రూట్ కెనాల్ అయ్యాక తీసినవి, ఏరోజు ఏంచేశారో రాసుకున్న చీటీ, ల్యాబు బిల్లు. నోటిమాటగా అడిగితే సర్వరు పనిచెయ్యడం లేదన్నారు. రాతపూర్వకంగా ఇచ్చి, దానిమీద తేదీతో ముద్ర వేయించుకున్నాక వారంలో సర్వరు పనిచేసింది. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే (రాకూడదనే కోరుకుంటాను) గొడవ మొదలయ్యేలోపే ఇది చెయ్యండి. ఊడిన వస్తువును కూడా మళ్ళీ అతికించమని ఇచ్చెయ్యకుండా దగ్గర పెట్టుకోండి. మా దాంట్లో ఇరుక్కున్న పంటిముక్కే సాక్ష్యమైంది.

ఆ కాగితాలు పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వెళ్ళాం. చల్లదనం లేదు, సినిమాతారలు లేరు. బెంచీలమీద నాలుగైదు జిల్లాల జనం. పీజీ చదివే కుర్రవాడు ముందు చూశాడు, తర్వాత వాళ్ళ ప్రొఫెసరుగారు చూశారు. ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకుని మొదట అడిగింది నేను ఊహించని ప్రశ్న: "ఈ కోరపళ్ళకు రూట్ కెనాల్ ఎందుకు చేశారు? వీటికేం జబ్బుంది?" పాత ఎక్స్‌రేలో వాటికి ఏమీ లేదు. బతికున్న పళ్ళు. తొడుగు కోసం అరగదీసేటప్పుడు జివ్వుమనకుండా, తర్వాత నొప్పి ఫిర్యాదులు రాకుండా, ముందుజాగ్రత్త పేరిట నరం తీసెయ్యడం మన దగ్గర అలవాటైపోయింది. దానికి ఇంగ్లీషులో ఒక గౌరవప్రదమైన పేరు కూడా పెట్టారు. ఒక్కో నరానికి అయిదు వేలు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: ఇది జాగ్రత్త కాదు, బేరం.

ఇక విరిగిన పన్ను. ప్రొఫెసరుగారు చీటీ వెనక బొమ్మ గీసి నాన్నగారికి చూపించారు. పంటివేరు లోపలి గొట్టం చివరిదాకా నిండాలి. మనది కొస ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉండగానే ఆగిపోయింది. ఆ ఖాళీలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. దానిమీద దించిన కడ్డీ ఆ సన్నని వేరుకు లావెక్కువ. అన్నిటికంటే ముఖ్యం, చిగురుకు పైన అసలు పన్ను కనీసం రెండు మిల్లీమీటర్లయినా చుట్టూ కట్టులా మిగిలి ఉంటేనే తొడుగు దాన్ని పట్టుకుని నిలుస్తుంది. పీపాకు ఇనపకట్టు ఎలాగో అలా. నాన్నగారి పంటికి ఆ అంచు దాదాపు లేదు. అంటే నమిలిన బరువంతా కడ్డీమీదికి, కడ్డీ నుంచి వేరుమీదికి. వేరు నిలువునా చీలింది. "ఈ పన్ను వంతెన మొయ్యగలిగే పన్ను కాదండీ. ఒక్కటీ నిలబడటమే కష్టం" అన్నారు.

నాన్నగారు ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నారు. రిక్షాలోకి ఎక్కాక, "చూశావా, ఎంత తేలిగ్గా చెప్పాడో" అన్నారు. ఆ రోజునుంచి ఆయన మనసు తేలికపడింది. నాకు మాత్రం అప్పుడే కోపం మొదలైంది.

ఆ గొట్టంలో నింపే పదార్థం పేరు గట్టాపర్చా. మలయా ద్వీపాల చెట్ల పాలు. పంతొమ్మిదో శతాబ్దంలో దీన్ని పళ్ళలో నింపడానికే కాదు, సముద్రగర్భంలో వేసే తంతితీగల చుట్టూ తొడగడానికీ వాడారు. అట్లాంటిక్ అడుగున మొదటి తీగ 1858 ఆగస్టులో వేశారు. ఒక ప్రైవేటు కంపెనీ, విపరీతమైన ఖర్చు, రెండు ఖండాల్లోనూ ఊరేగింపులు. మూడు వారాలకు మూగబోయింది. చెయ్యకూడనంత విద్యుత్తు పంపి దాన్ని చంపేశారని ఒక వాదం, తీగ తయారీలోనే లోపాలున్నాయని ఇంకొకటి. అయితే అక్కడ విచారణ సంఘం వేసి, అందరినీ పిలిచి అడిగి, 1861లో నివేదిక అచ్చువేశారు. 1866లో వేసిన తీగ నిలిచింది. చెడిపోయిన పంటికి అటువంటి విచారణ ఉండదు. చేసినవాళ్ళు ఊరు మారతారు, చేయించుకున్నవాళ్ళు ఇంకోచోటికి పోతారు, ఇద్దరిలో ఎవరికీ ఎందుకు చెడిందో తెలియదు.

ప్రొఫెసరుగారిని ఆ మాటలన్నీ కాగితంమీద రాసివ్వమని అడిగాను. "చూసింది రాస్తాను. ఎవరి తప్పో రాయను" అన్నారు. ఆయన కష్టం నాకు అర్థమైంది. చూసింది నిజాయితీగా రాశారు. అదే చాలు అనుకున్నాను.

చట్టం సంగతి కొంత చదివాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1995 నవంబరులో వి.పి.శాంత కేసులో తేల్చింది. దంతవైద్యానికీ అది వర్తిస్తుంది. వైద్యుడు జీతంమీద ఉన్నా, వచ్చిపోయేవాడైనా, ఆసుపత్రి బాధ్యత తప్పించుకోలేదని 2004లో సవితా గర్గ్ కేసులో చెప్పింది. "ఆ డాక్టరు ఇప్పుడు లేరు" అన్నదానికి అది జవాబు. 2019 నాటి కొత్త చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చాక, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వెయ్యాలి. ఇదంతా మనవైపు. అవతలివైపు కూడా చెప్పాలి. వైద్యం ఫలించకపోవడమే నిర్లక్ష్యానికి రుజువు కాదని అదే న్యాయస్థానం 2005లో జాకబ్ మాథ్యూ కేసులో స్పష్టంగా అంది. అది సరైన మాటే. కాకపోతే ఏ వైద్యుడూ ప్రయత్నం చెయ్యడానికే భయపడతాడు. కాబట్టి ఊడింది అంటే చాలదు. సాటి దంతవైద్యుడెవరూ చెయ్యని విధంగా చేశారని చూపించాలి. మోయలేని పంటిమీద వంతెన కట్టడం, వాసన వస్తోందని వెళ్తే ఎక్స్‌రే తియ్యకపోవడం, ఈ రెండూ అలాంటివేనని నా వాదన.

నోటీసు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నాన్నగారికి ఇష్టం లేదు. "పద్యం తప్పు చదివితే పిల్లల్ని కొట్టానేమోగాని, తప్పేమిటో చెప్పకుండా ఎప్పుడూ కొట్టలేదురా. వీళ్ళు ఫలానాది తప్పయిందని ఒక్కమాట చెబితే నాకు చాలు. డబ్బు సంగతి తర్వాత" అన్నారు. వాళ్ళు చెప్పరు నాన్నగారూ, చెబితే డబ్బివ్వాల్సొస్తుందని చెప్పరు, అన్నాను. అయితే ఇద్దరం చెరొకటీ అడుగుదామన్నారు.

నవంబరులో క్లినిక్కు యజమాని పిలిచాడు. పెద్ద డాక్టరే. మర్యాదస్థుడు. కాఫీ తెప్పించాడు. ఆ వయసులో ఇలాంటివి సహజమన్నాడు. "పంటికి దేవుడు కూడా గ్యారంటీ ఇవ్వడు మాస్టారూ" అన్నాడు. నాన్నగారు నోటికి అడ్డంగా తుండుగుడ్డ పట్టుకుని (ఆ అయిదు నెలలూ అలాగే మాట్లాడారు) జవాబు చెప్పారు: "దేవుడు నా దగ్గర తొంభై ఎనిమిది వేలు తీసుకోలేదు బాబూ. అయినా ఆయన కట్టినవి అరవయ్యేళ్ళు ఆగాయి." డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు తర్వాత బేరం సులువైంది. నలభై నుంచి మొదలై అరవై వేల దగ్గర ఆగింది.

సంతకం పెట్టవలసిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నాన్నగారు తెలుగులో కావాలన్నారు. రెండురోజుల తర్వాత తెలుగులో వచ్చింది: చికిత్సలో ఎట్టి లోపమును లేదనియు, పై మొత్తము కేవలము సద్భావ సూచకముగా ఇవ్వబడినదనియు, నేను సంపూర్ణ సంతృప్తి చెందితిననియు ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. నాన్నగారు జేబులోంచి ఎర్రసిరా కలం తీశారు. ఎన్నేళ్ళయిందో ఆ కలం తీసి. "మూడు వాక్యాలు ఒకదానికి కలిపాడు. మూడూ అబద్ధాలే" అని, మొదటిదీ మూడోదీ కొట్టేశారు, రెండోది 'ఇవ్వబడినది' కాదు, 'ఇచ్చారు' అని దిద్దారు. ఎవరిచ్చారో తెలియాలి కదా అన్నారు. కింద తన మాటల్లో రాశారు: పదహారు నెలలకు ఊడిన వంతెన నిమిత్తం అరవై వేల రూపాయలు ముట్టినవి. ఈ విషయమై ఇక వ్యాజ్యం వేయను.

క్లినిక్కువాళ్ళ వకీలు ఒప్పుకోలేదు. లోపం లేదన్న మాట ఉండాల్సిందేనన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేను సంతకం పెట్టెయ్యండి అనే అన్నాను. పన్నెండు మైళ్ళ దూరంలో కమిషన్, ఏళ్ళూ పూళ్ళూ పట్టే వాయిదాలు, డెబ్భై అయిదేళ్ళ మనిషి. అరవై వేలు చేతికందేదాకా వచ్చి ఒక్క వాక్యం దగ్గర ఆగడమేమిటి? ఆయన కదల్లేదు. "నేను సంతకం పెట్టిన తెలుగు ఇది" అన్నారు. "రేపు ఇంకో ముసలాడు వస్తే వీడు ఈ కాగితమే చూపిస్తాడు." ఇరవై రోజులు ఏ కబురూ లేదు. తర్వాత నాన్నగారు దిద్దిన కాగితమే, ఎర్రసిరాతో సహా, క్లినిక్కు ముద్ర వేసి పంపారు. దాంతోపాటు ఆయన అడిగిన చికిత్స వివరాల కాగితం ఒకటి. 22వ పన్ను, వేరుకు నిలువు చీలిక అని ఉంది. ఎడమ కత్తెరపంటికి వాళ్ళ లెక్కలో ఆ అంకె. కారణం అన్నచోట ఒక గీత.

నాన్నగారు ఆ గీతను చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ప్రొఫెసరుగారి బొమ్మను దానికి గుండుసూదితో గుచ్చి పెట్టుకున్నారు.

నల్లగొండలో మాకు తెలిసిన దంతవైద్యుడొకాయన ఆ విరిగిన వేరు తీసేసి, మిగిలిన మూడు ఆధారాల్లో పుచ్చు శుభ్రం చేసి, వాటికి విడివిడిగా మామూలు లోహపు పింగాణీ తొడుగులు వేశాడు. ముందరి మూడు ఖాళీలకూ తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు. అంతా కలిపి పదిహేడు వేలయింది. ఎన్నాళ్ళుంటాయని అడిగితే, తొడుగులు అయిదారేళ్ళు ఉండొచ్చు, కట్టుడు పళ్ళ చట్రం చిగురు తరిగినకొద్దీ వదులవుతుంది, రెండుమూడేళ్ళకు సరిచేయించుకోవాలి అని చెప్పాడు. కార్డు ఇవ్వలేదు.

అందరూ అన్నం తినడానికి పళ్ళు పెట్టుకుంటారు. ఈయన తినేటప్పుడు తీసి పక్కన పెట్టి, చదివేటప్పుడు పెట్టుకుంటారు. ఏకాదశినాడు రామాలయానికి వెళ్ళేముందు అద్దం ముందు నిలబడి తథదధన అనుకుంటూ సవరించుకుంటారు. సకారం కొంచెం ఈల వేస్తుంది. ముందువరస ముసలమ్మలు అది మైకు దోషమనుకుంటున్నారు. సంక్రాంతికి సకినాలు మాత్రం అమ్మ రోట్లో దంచి, పాలలో నానబెట్టి ఇస్తోంది.